పెట్టె అక్క ఎడమ చెంప

మా వీధిలో వేడి కొలిచే సాధనాలు రెండు ఉండేవి. ఒకటి మందుల షాపులో గాజు అరలో పడుకుని ఉండే థర్మామీటరు. రెండోది పెట్టె అక్క ఎడమ చెంప. జ్వరమొచ్చినవాడు కూడా మొదటిదాన్ని అంతగా నమ్మేవాడు కాదు.

ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూడ్డానికి కొందరు నీళ్ళు చిలకరిస్తారు. కొందరు వేలు తడి చేసుకుని చుర్రుమనిపిస్తారు. పెట్టె అక్కది ఎడమచేతి వాటం. ఆ చేత్తో పెట్టెను బల్ల మీంచి లేపి, అద్దంలో ముఖం చూసుకుంటున్నట్టు ఎడమ చెంపకు బెత్తెడు దూరంలో నిలిపి, కళ్ళు మూసుకునేది. "నూలుకి చాలు. పట్టుకి కాస్త చల్లారాలి" అని తీర్పు చెప్పేది. పెట్టె చక్రం మీది అంకెలు ఏనాడో అరిగిపోయాయి. కొత్తది కొనుక్కోమంటే, "అంకెలు మాయ చేస్తాయమ్మా, చెంప మాయ చెయ్యదు" అనేది. ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి తగిలి ఆ చెంప రెండో చెంప కంటే ఒక ఛాయ తక్కువగా ఉండేది. అయితేనేం, ఆమె చేతిలో ఒక్క బట్ట కాలిన దాఖలా లేదు. తమ ఖరీదైన చీరల్ని మొగుళ్ళని కూడా తాకనివ్వని ఇల్లాళ్ళు కూడా వాటిని పెట్టె అక్క బల్ల మీద పడేసి నిశ్చింతగా ఇంటికి పోయేవారు.

కొట్టు అంటే కొట్టేమీ కాదు. రెండిళ్ళ మధ్య సందుకు రేకులు కప్పితే వచ్చిన గది. అందులో బల్ల కూడా అసలు బల్ల కాదు. ఎవరో ఇల్లు పడగొడుతుంటే అడిగి తెచ్చుకున్న తలుపు. దాన్ని ఇటుకల మీద పడుకోబెట్టి, దుప్పట్లు పరిచింది. గొళ్ళెం ఉండాల్సిన కన్నంలో పిన్నీసులు పోసుకునేది. "అందరికీ తలుపు నిలబెడితే ఇల్లు. నాకు పడుకోబెడితే ఇల్లు" అని తనమీద తనే జోకు వేసుకునేది. పెళ్ళి సంగతి ఎవరైనా కదిపితే, "ముడత ఎంతకీ పోలేదు, బట్టే మార్చేశాను" అని పెట్టె ఒకసారి గట్టిగా నొక్కేది. అడిగినవాళ్ళు మళ్ళీ అడిగేవారు కారు.

ఆ బల్ల మీద ఆమెకున్న ప్రాణం ఇంకే దాని మీదా లేదు. దానికి ఒక్కటే గండం, సొంత తమ్ముడు.

తమ్ముడు చెడ్డవాడు కాదు. ఉద్యోగం పోయి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని అక్క పంచన చేరాడు. మూటలు తెచ్చి ఇచ్చే పని చేసేవాడు. ఎప్పుడూ ఒకటే పాట. "నీ వయసుకి ఇంక కూర్చో అక్కా. ఎర్ర లైటు వెలిగే కొత్త పెట్టె కొంటాను. బల్ల దగ్గర నేను నిలబడతాను."

"నువ్వు నిలబడితే బట్టలు పడుకుంటాయిరా. నా ఒంట్లో ఓపికున్నన్నాళ్ళు ఆ మాటెత్తకు."

ఆ 'ఓపికున్నన్నాళ్ళు' అన్న మాట ఆమెకు ఉరితాడైంది. ఒంట్లో బాగోలేదని ఒక్కసారి నోరు జారితే బల్ల పోతుంది. అందుకని ఆమెకు ఏ రోగమూ రాలేదు. అంటే, వచ్చినా రాలేదు.

రోగం ముందు తమ్ముడికే వచ్చింది. ఒక పొద్దున మూట దింపి టీ తాగుతుంటే, టీ నోటి ఒక మూల నుంచి చొక్కా మీదికి కారిపోతోంది. అతనికి తెలియడం లేదు. అక్క ముందు మూతి దగ్గర వాసన చూసింది.

"పొద్దున్నే తాగొచ్చావురా?"

వాసన లేదు. మూతి మాత్రం ఓ పక్కకు జారింది. వాళ్ళ నాన్న మూతి కూడా పోయే ముందు అలాగే జారింది. అక్క పెట్టె స్విచ్చి తీసేసి, తమ్ముణ్ణి కాలరు పట్టుకుని ఈడ్చుకెళ్ళి, వీధి చివర ఆగిన పాలవ్యానులో కుదేసింది. పాలవాడు గొణిగితే, "పాలు విరిగితే మళ్ళీ వస్తాయి, వీడు విరిగితే రాడు, పోనీ!" అంది. మెదడులో గడ్డకట్టిన నెత్తురు కరిగించే ఇంజెక్షను అతనికి వేళకు పడింది. కొద్ది రోజుల్లో లేచి నడిచాడు. మూతి యథాస్థానానికి వచ్చింది. మాట కూడా వచ్చింది. అదే కొంప ముంచింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "మిమ్మల్ని ఇంత త్వరగా తెచ్చినవాళ్ళు తెలివైనవాళ్ళండీ" అంది. తెలివైనవాళ్ళు అన్న మాట మాత్రం తమ్ముడి చెవిలో పడింది. అతను కుర్చీలో నిటారుగా కూర్చుని, "మరి మా అక్కకి కూడా వస్తుందా ఇది?" అని అడిగాడు.

"ఆడవాళ్ళకి నెలసరి ఉన్నన్నాళ్ళూ ఒంట్లో ఊరే హార్మోను రక్తనాళాలకి కొంత కాపలా కాస్తుంది. అందుకని నడివయసు దాకా ఇది మగవాళ్ళకే ఎక్కువ. అయితే..."

ఆ 'అయితే' దగ్గర తమ్ముడి ఫోను మోగింది. ఎవరో పరామర్శ. ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళి, చావు అంచు దాకా పోయి వచ్చిన వైనం చెప్పడం మొదలుపెట్టాడు. మరదలు బిల్లు కట్టే చోట ఉంది. అక్క బల్ల దగ్గర ఉంది. డాక్టరమ్మ ఖాళీ కుర్చీ వైపు చూసి, తరవాతి రోగిని పిలిచింది.

అలా సగం వైద్యశాస్త్రం మా వీధికి వచ్చింది.

ఆ రోజు నుంచి తమ్ముడు ప్రొఫెసరు అయ్యాడు. మేము పెట్టిన పేరే. బట్టలకు వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపేవాడు కాదు. "ముందు నవ్వండి. ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తండి. ఇప్పుడు మీ పేరు చెప్పండి." ఈ మూడు పరీక్షలూ నెగ్గితేనే చొక్కా చేతికొచ్చేది. అప్పుల వాడెవడో వెతుకుతుంటే తప్పించుకు తిరిగే ఒకాయన పేరు చెప్పడానికి జంకితే, అతన్ని ఆసుపత్రికి తోలేదాకా ఊరుకోలేదు. ఆడవాళ్ళు వస్తే పరీక్ష ఉండేది కాదు. "మీకేం తల్లీ, మీకు కాపలా ఉంది. హార్మోను. ఎటొచ్చీ మగముండావాళ్ళమే దిక్కులేనివాళ్ళం" అనేవాడు. టైలరమ్మ అయితే, "కాపలా పెట్టిన దేవుడు కాస్త జీతం కూడా పెడితే బాగుండేది" అనేది.

తమ్ముడి పాఠాన్ని మేమంతా నవ్వుతూ విన్నాం. ఒక్క మనిషి మాత్రం శ్రద్ధగా విన్నది. అక్క.

ఆమెకు అప్పటికే నెలసరి గాడి తప్పింది. వస్తే వరద, రాకపోతే కరువు. నిలబడి చేసే పని, తెల్లబట్టల మధ్య బతుకు. ఆ అవస్థ ఎవరితో చెప్పుకుంటుంది? గుట్టుగా ఇంకో ఆడడాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ బిళ్ళలు రాసి, "మూడు నెలలు వాడి మళ్ళీ కనబడండి" అంది. బిళ్ళలకు వరద తగ్గింది. మూడు నెలలూ అయ్యాయి. కనబడాలంటే బల్ల వదలాలి, వదిలితే కారణం చెప్పాలి. మందుల షాపతను చీటీ అడక్కుండా మళ్ళీ ఇచ్చాడు.

"ఇంతకీ ఇవేం బిళ్ళలు బాబూ?"

"హార్మోను బిళ్ళలమ్మా."

ఆ మాట వినగానే అక్క ముఖం విప్పారిందట. లోపలి కాపలావాడు వయసుతో మూటాముల్లె సర్దుకుని పోతున్నాడు, సరే. బయటినుంచి జీతానికి ఇంకొకణ్ణి పెట్టుకుంటే పోలా? ఇదీ ఆమె లెక్క. తమ్ముడి సగం పాఠానికి తన సగం తెలివి కలిపి, మొత్తం ఒక అబద్ధాన్ని తయారుచేసుకుంది. మూతి జారితే బల్ల జారుతుందని భయం. ఆ భయానికి మందు దొరికింది. బిళ్ళల అట్టలు గంజిపొడి డబ్బా అడుగున దాచింది. గంజి పాళ్ళు ఆమె రహస్యం కాబట్టి ఆ డబ్బా మూత ఎవరూ తియ్యరు. రెండేళ్ళు ఒక్క పూట తప్పకుండా మింగింది. మధ్యమధ్యలో తలనొప్పి వచ్చేది. వచ్చేముందు కళ్ళ ముందు వెల్డింగు మెరుపుల్లాంటివి వంకరటింకరగా పాకేవి. "తెల్లబట్టలు చూసీచూసీ" అనుకుని గుడ్డ కట్టుకునేది. ఆ కాలంలో కాపలాల మీద కాపలా పెట్టుకున్న ఆడది మా వీధి మొత్తానికి ఆమె ఒక్కతే.

బళ్ళు తెరిచే వారంలో ఒక రోజు. యూనిఫారాల మూటలు రేకు దాకా పేర్చి ఉన్నాయి. అక్క నిద్ర లేచేసరికి గది గిర్రున తిరుగుతోంది. లేవబోయి మంచం పట్టెకి కొట్టుకుంది. వాంతి అయింది. వాంతి తరవాత ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"గ్యాసు వదినా. రాత్రి ఆలస్యంగా తిన్నావు" అంది మరదలు, నేల తుడుస్తూ. ఇంకాస్త ఆలోచించి, "ఆ వయసు కూడాను" అంది.

ఆ రెండో మాట మా వీధిలో సర్వరోగ నిర్ణయం. నడివయసు ఆడదానికి కాలు విరిగినా ముందు 'ఆ వయసు' అని, తరవాతే కట్టు కట్టేవాళ్ళు.

అక్క గోడ పట్టుకుని మెట్లు దిగింది. అడుగు తీసి అడుగు వేస్తుంటే మనిషి ఎడమ పక్కకు ఒరుగుతోంది. ఎడమ కనురెప్ప సగం వాలింది. కొట్టు తెరవగానే టీ కొట్టాయన గ్లాసు పట్టుకొచ్చాడు.

"ఏంటమ్మోయ్, పొద్దున్నే కన్ను కొడుతున్నావు? నాకేనా?"

"నీకు కొట్టాలంటే కన్ను... హిక్... చాలదు, చెప్పు కావాలి."

అంతా నవ్వారు. ఎక్కిళ్ళు రెండో నవ్వు తెప్పించాయి. ఎక్కిళ్ళంత నవ్వులాట జబ్బు లోకంలో ఇంకొకటి లేదు. గుండెపోటు వస్తే జనం పరిగెడతారు, ఎక్కిళ్ళు వస్తే కుర్చీ వేసుకు కూర్చుంటారు.

"ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారు" అంది టైలరమ్మ. "పాత మొగుడేనేమో!"

"వాడు తలుచుకుంటే... హిక్... తుమ్ములొస్తాయి. దుమ్ము గదా."

గొంతు బొంగురుగా, నూతిలోంచి వస్తున్నట్టు ఉంది. దాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు. వైద్యం మొదలైంది. ఊపిరి బిగబట్టి చెంబుడు నీళ్ళు తాగమన్నారు. తాగింది. నీళ్ళు గొంతు దిగలేదు. ముక్కులోంచి బయటికి వచ్చాయి. ఉక్కిరిబిక్కిరై బల్ల మీద పడి దగ్గుతుంటే, "వీధి కుళాయికి రాని నీళ్ళు అక్క ముక్కుకొస్తున్నాయి!" అని ఎవరో కేక వేశారు. యూనిఫారం కోసం వచ్చినవాళ్ళు కూడా నిలబడిపోయారు. ఖర్చు లేని వినోదం.

తరవాత బెదిరింపు వైద్యం. టీ కొట్టాయన సందులోంచి పరిగెత్తుకొచ్చి, "అక్కా! మీ తమ్ముడు మళ్ళీ పడిపోయాడు!" అని అరిచాడు. అక్క బల్ల వదిలి పరుగు తీసింది. తీయగానే ఎడమ పక్కకు, నరికిన అరటిచెట్టులా, మాసిన బట్టల మూట మీద కూలింది. తమ్ముడు గోడ చాటు నుంచి నవ్వుతూ వచ్చాడు.

"పోయాయా?"

"హిక్" అంది అక్క, మూటలోంచి.

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందులో పగ లేదు. ఆమె అంటే అందరికీ ఇష్టమే. ఇష్టమైనవాళ్ళను చూసి నవ్వినంత గట్టిగా జనం పగవాళ్ళను చూసి నవ్వరు.

లేపి కూర్చోబెట్టాక ఆమె మెల్లిగా, "ఒరేయ్, నాకెందుకో భయంగా ఉందిరా. నాన్నకి వచ్చినట్టు..." అంది. అలా అనడానికి ఆమె ఎంత దిగి వచ్చిందో మీకు తెలుసు. బల్లను పణంగా పెట్టి అన్న మాట అది.

ప్రొఫెసరు చొక్కా చేతులు మడిచాడు. జనాన్ని వెనక్కి జరిపాడు.

"నవ్వు."

అక్క నవ్వింది. మూతి రెండు పక్కలా సమంగా సాగింది.

"చేతులెత్తు."

రెండూ లేచాయి. ఎడమది గాలిలో కాస్త తడబడింది గాని, లేచింది.

"పేరు చెప్పు."

బొంగురు గొంతుతో, మధ్యలో ఒక ఎక్కిలితో, తన పేరు పూర్తిగా చెప్పింది. అది విన్నాకే మాలో చాలామందికి ఆమెకు ఒక పేరుందని తెలిసింది.

"పాస్!" అన్నాడు తమ్ముడు. "ఇది అది కాదు. అయినా నీకెలా వస్తుందే? నీకు కాపలా ఉంది. ఇది గ్యాసు, ఆ వయసు. పోయి పడుకో, బల్ల నేను చూసుకుంటా."

జనం చప్పట్లు కొట్టారు. అక్క ముఖంలోంచి భయం పోయింది. దాని చోట మొండితనం వచ్చింది. గంజి డబ్బా వైపు ఒకసారి చూసుకుంది. లోపల ఒక కాపలా, డబ్బాలో ఒక కాపలా, పరీక్షలో పాసు. ఇంక లేవకపోతే పోయేది బల్లే. బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"పడుకోడానికి నాకేం రోగం? జరగండి. బడి గంట కొట్టే వేళయింది."

పెట్టె స్విచ్చి వేసింది. కాసేపాగి, అలవాటు ప్రకారం లేపి చెంప దగ్గర పట్టింది. కళ్ళు మూసుకుంది.

"కాగలేదు" అంది. చక్రం తిప్పింది.

మళ్ళీ పట్టింది. "ఇంకా కాగలేదు." ఇంకాస్త తిప్పింది. అయినా నూలే గదా అని ఒక తెల్లచొక్కా మీద ఆనించింది. చుయ్ మంది. ఎత్తేసరికి చొక్కా వీపు మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. అక్క జీవితంలో మొదటి మచ్చ.

"కాల్చేశావు కదే!" అని తమ్ముడు పెట్టె మీద వేలు పెట్టి, కెవ్వుమని ఊదుకున్నాడు. "ఇంత మండుతుంటే చల్లగా ఉందంటావేంటి?"

"చల్లగానే ఉందిరా. నా చెంప నాకు తెలీదూ?"

"ఒంట్లోంచి ఆవిర్లు పుట్టే వయసు. ఆ వేడి ముందు పెట్టె వేడి ఎంత!" అన్నాడు టీ కొట్టాయన. ఆడవాళ్ళు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అక్కకు రోషం వచ్చింది. ఎన్నేళ్ళుగానో తప్పని చెంప. అది తప్పిందంటే ఆమె ఏమిటి? పెట్టె మళ్ళీ లేపింది. ఈసారి బెత్తెడు కాదు, అంగుళం. ఏమీ తెలియలేదు. అరంగుళం. ఏమీ తెలియలేదు. ఎడమచెయ్యి పొద్దుటినుంచీ ఒక చోట పెట్టబోతే ఇంకొక చోట పెడుతోంది. చివరికి పెట్టె చెంపకు ఆనింది.

చిన్న చప్పుడు. తడిబట్ట మీద పెట్టె పెడితే వచ్చేదే.

ఆమె అరవలేదు. తియ్యలేదు. కళ్ళు మూసుకుని, వేడి ఎప్పుడు వస్తుందా అని శ్రద్ధగా ఎదురుచూస్తోంది. తరవాత ముక్కు ఎగబీల్చి, కళ్ళు తెరిచి, మా అందరి వైపూ చూసింది.

"ఏదో కాలుతోంది. ఎవరి బట్టో చూడండ్రా" అంది. "హిక్."

నవ్వు అక్కడ ఆగింది. ఎవరి నోళ్ళు వాళ్ళకి తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. తమ్ముడు పెట్టె లాగేశాడు. దాంతో పాటు చెంప తోలు కాస్త వచ్చింది.

ఆసుపత్రిలో కూడా ముందు కాలినదానికే కట్టు కట్టారు. "ఎక్కిళ్ళకి చెయ్యి అదిరి తగిలింది" అని చెప్పాడు తమ్ముడు. కట్టు కట్టి, గ్యాసుకు బిళ్ళ ఇచ్చి పంపబోతుండగా ఆ దారిన పాత డాక్టరమ్మ వెళుతోంది. ఆగి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"తగిలింది సరే. తగిలినప్పుడు అరవలేదా?"

లేదని తమ్ముడు తలూపాడు.

అక్కడి నుంచి పరుగులు. ఫొటోలు తీశారు. మెదడు కింద, మెడ మొదట్లో ఒక నాళం పూడుకుపోయింది. ముఖానికి ఒక పక్క, ఒంటికి రెండో పక్క వేడీ నొప్పీ తెలిసే దారి అక్కడే ఉందట. మింగడం, గొంతు, నిలకడ, ఎక్కిళ్ళు కూడా అక్కడివే.

"ఎప్పుడు మొదలైంది?" అంది డాక్టరమ్మ.

"పొద్దున నిద్ర లేవగానే" అంది మరదలు.

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. తమ్ముడు కూడా చూశాడు. ఆ ఇంజెక్షను ఎన్ని గంటల్లోపు పడాలో మా వీధిలో అందరికంటే అతనికే బాగా తెలుసు. రోజూ చెప్పేవాడు.

"మూడు పరీక్షలూ పెట్టానండీ. అన్నీ పాసైంది."

"అవి చాలామందిని పట్టిస్తాయి. అందరినీ కాదు. తల తిరుగుడు, వాంతి, ఎక్కిళ్ళు... ఇలా కూడా వస్తుంది. అందులోనూ ఆడవాళ్ళు ఇలా వస్తే గ్యాసనీ వయసనీ వెనక్కి పంపడం మీకే కాదు, మాకూ అలవాటే. ఇప్పుడు మావాళ్ళు పంపబోయింది అందుకే. ఏమైనా మందులు వాడుతోందా?"

"ఏమీ లేవండీ. మా అక్క రాయి."

మంచం మీంచి అక్క ఏదో అంది. గొంతు గాలిలా ఉంది. డాక్టరమ్మ చెవి దగ్గర పెట్టింది. "గంజి డబ్బాలో" అంటోంది. "కాపలా బిళ్ళలు."

మరదలు వెళ్ళి డబ్బా తెచ్చింది. డాక్టరమ్మ అట్టలు తిప్పి చూసి, ఎన్నాళ్ళుగా మింగుతోందో అడిగింది. తలనొప్పి, మెరుపులు కూడా అడిగి తెలుసుకుంది. ఆఖరికి అంది.

"ఒంట్లో ఊరేది కాపలా కాసేమాట నిజం. అది తగ్గే వయసు వచ్చాక ఆడవాళ్ళకీ ఈ గండం పెరుగుతూ పోతుంది. బయటినుంచి మింగే ఇలాంటి బిళ్ళలు కాపలా కావు. ఈ వయసులో, ఈ రకం తలనొప్పి ఉన్నవాళ్ళకి నెత్తురు గడ్డకట్టే ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే మూడు నెలలకి మళ్ళీ రమ్మంటారు."

"ఈ ముక్క అప్పుడే చెప్పలేదేంటి డాక్టరమ్మా!" అని తమ్ముడు బావురుమన్నాడు.

"చెప్పబోయాను. మీరు ఫోను మాట్లాడ్డానికి వెళ్ళారు."

అతను నిజంగానే ఏడ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి. ముక్కు గొట్టంతో ఆమెకు గంజి పోసే రోజుల్లో గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

అయితే ఏడుపు ఆరే సరుకు. అక్క కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చేనాటికి ఎక్కిళ్ళు పోయాయి, మింగుడు వచ్చింది, గొంతు మాత్రం బొంగురుగా మిగిలింది. చెంప మీద, మొన ముక్కు వైపుకి తిరిగిన మచ్చ. కొట్టులో ఎర్ర లైటు పెట్టె. బల్ల దగ్గర తమ్ముడు. గుమ్మంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ.

కుర్చీ ఆమెకి.

ప్రొఫెసరు పాఠం ఇప్పుడు పెరిగింది. "నాలుగోది ఎక్కిళ్ళు. నమ్మకపోతే ఇటు చూడండి. అక్కా, ఆ చెంప ఇలా తిప్పు." వచ్చినవాళ్ళు వంగి చూసేవారు. "పాపం, నొప్పి తెలీదా?" అని ఒకావిడ వేలితో పొడిచి కూడా చూసింది. అసలు తనే పసిగట్టి వేళకు ఆసుపత్రికి చేర్చాననీ, లేకపోతే మనిషి దక్కేది కాదనీ తమ్ముడు చెప్పేవాడు. ఆమె చెంప తిప్పేది. చూసినవాళ్ళు పోయాక మళ్ళీ వీధి వైపు తిప్పుకునేది. రెండు నెలలు అలా గడిచాయి. ఆ రెండు నెలల్లో ఎర్ర లైటు పెట్టె పన్నెండు చొక్కాలు కాల్చింది. బడివాళ్ళు యూనిఫారాలు ఇంకో కొట్టుకి మార్చుకున్నారు.

మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఒక చల్లటి చెంచా తీసుకుని రెండు చెంపలకూ ఆనించింది. ఎడమ చెంప పలకలేదు. కుడి చెంపకు పెట్టగానే అక్క ఉలిక్కిపడింది.

"కుడి చెంపకి ఏ లోటూ లేదు. ఎడమచెయ్యి కూడా బాగా కుదురుకుంది. జాగ్రత్తగా ఉంటే పని మొదలుపెట్టుకోవచ్చు."

తమ్ముడు వరండాలో ఉన్నాడు. ఫోనులో ఎవరికో అక్కను తను బతికించిన వైనం చెబుతున్నాడు.

మర్నాడు అక్క కుర్చీలోంచి లేచింది. బల్ల కింద నుంచి అంకెలు అరిగిన పాత పెట్టె తీసింది. ఎర్ర లైటుదాన్ని పక్కకు నెట్టి, స్విచ్చి వేసింది.

"అక్కా, వద్దే! నీ చెంప పోయింది. వేడెలా చూస్తావు?"

"అవున్రా, నా చెంప పోయింది" అంది ఆ బొంగురు గొంతుతో, వినయంగా. "కానీ నీకుందిగా. నాకు కాపలా ఉందన్నావు గదా ఎప్పుడూ. రా, కుర్చీ తెచ్చుకుని ఇలా నా ఎడమ పక్కన కూర్చో."

తమ్ముడు మా అందరి వైపూ చూశాడు. టీ కొట్టాయన గ్లాసులు కడగడంలో మునిగిపోయాడు. తమ్ముడు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్క పెట్టె లేపి, అతని చెంపకు బెత్తెడు దూరంలో పట్టింది.

"కాగింది! కాగిందే అక్కా!"

"అప్పుడే ఏం కాగుతుంది? నూలురా ఇది" అంది అక్క. పెట్టెను ఇంకొక అంగుళం దగ్గరికి జరిపింది. "నవ్వు. నవ్వితే చెంప బిగుసుకుని బాగా తెలుస్తుంది."

అతను నవ్వాడు. మూతి రెండు పక్కలా సమంగా సాగింది.

బడి యూనిఫారాలు మళ్ళీ మా వీధికే వస్తున్నాయి. ఇప్పటికి ఒక్కటీ కాలలేదు.